టర్కీ రైతుల విందులో టర్కీ

ఎల్డెన్ హాల్వర్సన్ షెడ్లలో పన్నెండు వేల టర్కీ కోళ్ళున్నాయి. ఆయన వంటింట్లోకి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క టర్కీ ముక్క కూడా అడుగు పెట్టలేదు.

"పొద్దున లేస్తే వాటి అరుపు, మధ్యాహ్నం వాటి కంపు. సాయంత్రం పళ్ళెంలో కూడా వాటి మొహమే చూడమంటావా?" అని పెళ్ళయిన కొత్తలోనే తేల్చి చెప్పాడు. భార్య ఆర్డిస్ అప్పుడు నవ్వి ఊరుకుంది. నవంబరులో దేశమంతా టర్కీని కోసుకుని తినే పండగనాడు కూడా వాళ్ళ బల్ల మీద పంది తొడ మాంసమే ఉండేది. వాళ్ళ ఊరు ఎల్మ్ ప్రెయిరీ చుట్టుపక్కల టర్కీలు పెంచే ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస. అది వింతగా ఎవరికీ తోచలేదు.

ఏటా అక్టోబరు రెండో శనివారం టర్కీ రైతుల సంఘం లూథరన్ చర్చి కింది హాల్లో విందు చేస్తుంది. గోడల మీద కాగితం టర్కీలు, బల్లల మధ్య గుడ్డతో కుట్టిన టర్కీలు, పళ్ళాల్లో గొడ్డు మాంసం. పైన బేకన్ అనే ఉప్పు పంది మాంసపు పట్టీలు పరిచి ఓవెన్లో కాల్చిన కీమా దిమ్మ, వాళ్ళ మాటల్లో మీట్‌లోఫ్. పక్కన వెన్న వేసి మెదిపిన బంగాళాదుంపలు, వాటి నడుమ గుంట చేసి పోసిన చిక్కటి గ్రేవీ. తిన్నాక మగవాళ్ళు కుర్చీల్లోనే కునుకు తీసేవారు. సంఘం అధ్యక్షుడు ఎంతసేపు ప్రసంగించినా ఎవరూ అడ్డు చెప్పకపోవడానికి కారణం అదే.

ఇరవై రెండేళ్ళుగా ఆ హాలు వంటగదికి లవోన్ ఓస్బీ పెద్ద. ఆమె కింద ఆర్డిస్ పంతొమ్మిదేళ్ళు బంగాళాదుంపల తొక్క తీసింది. తొక్క తీస్తున్నంతసేపూ ఆమె చూపు లవోన్ నడుముకు కట్టుకున్న తాళాల గుత్తి మీదే ఉండేది. ఏదో ఒక ఏడు ఈ గదిలో ఏం వండాలో తాను చెప్పాలి. అంతే ఆమె కోరిక. ఎవరితోనూ అనలేదు. అలాంటివి పైకి అనుకునే ఊరు కాదది.

ఆ ఏడు ఆగస్టులో లవోన్‌కి మోకాలు మార్చారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, చక్రాల ఊతబండి తోసుకుంటూ ఆర్డిస్ ఇంటికి వచ్చి తాళాల గుత్తి బల్ల మీద పెట్టింది.

"ఈ ఒక్క ఏడాదికే సుమా," అంది. "వంట కుదిరిందనుకో, ఆ తర్వాత సంగతి ఆలోచిద్దాం. కుదరలేదనుకో, నా మోకాలు వసంతానికల్లా బాగైపోతుందన్నాడు డాక్టరు."

ఆ వారమే ఆర్డిస్ రాష్ట్ర వ్యవసాయ తిరునాళ్ళకు వెళ్ళి సంఘం స్టాల్లో కూర్చుంది. కరపత్రాలు పంచడం ఆమె పని. పట్నం నుంచి వచ్చిన ఒకామె చంకలో బిడ్డతో ఆగి, "మీరు టర్కీలు పెంచుతారా? నిజంగా? అయితే చెప్పండి, టర్కీ కీమాతో ఇంట్లో ఏం చేసుకుంటారు? నేను ఏం చేసినా రంపపు పొట్టులా వస్తోంది," అని అడిగింది.

ఆర్డిస్ చేతిలో ఉన్న కరపత్రం తిప్పి చూసింది. అందులో పక్షి బరువు గురించి ఉంది గాని వంట గురించి లేదు. "మా... మా ఇంట్లో పంది మాంసం ఎక్కువండీ," అనేసింది చివరికి. ఆ పిల్ల తల్లి ఆమెను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేదాకా ఆ చూపు ఆర్డిస్‌ని గుచ్చుతూనే ఉంది. మర్నాడు చర్చి బోర్డు మీద తన చేత్తోనే కాగితం అంటించింది. "ఈ ఏటి విందు: టర్కీ మీట్‌లోఫ్, ఓవెన్లో కాల్చిన కూరగాయలు. తేలిగ్గా, కడుపుకు హాయిగా."

అంటించాక గుర్తొచ్చింది, తనకు అది వండటం రాదని.

టర్కీ కీమా కోసం కొట్టుకు వెళ్ళాల్సి వచ్చింది. షెడ్డు నుంచి పక్షులు లారీ ఎక్కితే మళ్ళీ ఊళ్ళోకి పొట్లాల్లోనే వస్తాయి. కొట్టులో బల్ల దగ్గరి పిల్ల ఆ పొట్లాలు చూసి, "ఏంటి ఆర్డిస్ గారూ, షెడ్లో స్టాకు అయిపోయిందా?" అంది. వెనక నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు.

మొదటిసారి, గొడ్డు మాంసానికి ఎలా చేసేదో అలాగే చేసింది. బిస్కట్ల పొడి, గుడ్డు, ఉల్లిపాయ వేసి పిసికి, రొట్టెల డబ్బాలో గట్టిగా అదిమి గంటన్నర కాల్చింది. డబ్బా బోర్లిస్తే దిమ్మ టక్కుమని పడింది. ఎల్డెన్ దాన్ని వేలితో తట్టి చూశాడు.

"గాలికి షెడ్డు తలుపు కొట్టుకుంటోంది. అడ్డం పెట్టడానికి ఇస్తావా?"

"ముందు రుచి చూసి చెప్పు."

"నా సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసులే. ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుసు."

ఒక ముక్క పట్టుకెళ్ళి లవోన్ నోటికి అందించింది. లవోన్ చాలాసేపు నమిలి, నీళ్ళు తాగి, "కొత్తగా ఉందే," అంది. ఆ ఊళ్ళో ఒక వంటను బాగాలేదని ఎవరూ అనరు. కొత్తగా ఉందంటారు. ఆర్డిస్ మొహం మాడిపోయింది.

ఎక్కడ దెబ్బ తిన్నానా అని ఆమె రెండు రోజులు ఆలోచించింది. గొడ్డు మాంసంలో కొవ్వు ఉంటుంది. అది కరిగి దిమ్మను తడిగా ఉంచుతుంది. టర్కీలో అది లేదు. లేని కొవ్వు బదులు ఇంకేదైనా తడి పెట్టాలి. ఆ తడి వెతుక్కుంటూ పోనక్కర్లేకుండా గుమ్మంలోనే దొరికింది. ఎండాకాలం చివర ఆ ఊళ్ళో జుకినీ అనే దోసలాంటి కాయలు తెగ కాస్తాయి. తినలేక, పారేయలేక జనం పక్కింటి వాకిట్లో దించేసి పారిపోతారు. కారు తాళం వేయడం మర్చిపోతే వెనక సీట్లో నాలుగు పెట్టి వెళ్తారు. ఆ ఉదయం ఆర్డిస్ గుమ్మం ముందు ఎవరో ఆరు వదిలేశారు, ఒక్కోటి చంటిపిల్ల కాలంత.

వాటిని తురిమి, ఉప్పు చల్లి, గుడ్డలో కట్టి పిండింది. పూర్తిగా పిండకుండా కొంత తడి ఉంచింది. పుట్టగొడుగులు, ఉల్లిపాయ సన్నగా తరిగి చెంచాడు నూనెలో వాడ్చింది. బిస్కట్ల పొడి మానేసి ఓట్స్‌ని పాలలో నానేసింది. అన్నీ కీమాలో వేసి, పిసక్కుండా వేళ్ళ కొసలతో కలిపింది. డబ్బాలో అదమకుండా రేకు మీదే పొడుగ్గా తీర్చి, పైన టమాటా సాసులో ఆవముద్ద కలిపి పల్చగా పూసింది. గంట కాకముందే మధ్యలో వేడి కొలిచే సూది గుచ్చి చూసి తీసేసింది.

ఇంకో ఓవెన్లో మంట పెంచి క్యారెట్లు, గుమ్మడి ముక్కలు, బీట్‌రూట్, చిన్న బంగాళాదుంపలు పరిచింది. ఇక్కడ కూడా ఒక పొరపాటు చేసింది. ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పోసేసరికి అవి ఆవిరికి ఉడికి మెత్తబడ్డాయి. తర్వాతిసారి ఒక్కో ముక్కకూ ఊపిరాడేటట్టు విడివిడిగా పరిచింది. అంచులు ఎర్రగా కాలి, క్యారెట్ల తీపి బయటికొచ్చింది.

నాలుగోసారికి దిమ్మ కోస్తే కత్తి మెత్తగా దిగింది. ఒంటరిగా నిలబడి రెండు ముక్కలు తినేసింది. మూడోది కూడా తినాలనిపించింది. ఎల్డెన్ వంటింటి గుమ్మంలోంచి వాసన పీల్చి, "వాసన పర్లేదు," అని, గొడ్డు మాంసం పెట్టిన రొట్టె పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో మాత్రం గొడవగా ఉంది. ధాన్యం గిడ్డంగి పక్క కాఫీ కొట్టులో పొద్దున్నే చేరే రైతులకు వారం రోజులుగా ఆ బోర్డు మీది కాగితమే కబురు. అందరికంటే నోరున్నవాడు గోర్డీ నెస్, ఎల్డెన్ చిన్ననాటి స్నేహితుడు.

"ఒరే ఎల్డెన్, మీ ఆవిడ మా చేత మా కోళ్ళనే తినిపిస్తుందట కదరా! చెప్పులు కుట్టేవాడికి చెప్పుల పులుసు పెట్టినట్టు!"

"తేలిగ్గా ఉంటుందట," ఎల్డెన్ నీళ్ళు నమిలాడు.

"తేలిగ్గానా? ఇంటి దగ్గర శుభ్రంగా తినేసి వస్తా. అప్పుడు ఎంత తేలికైనా ఫరవాలేదు."

అందరూ పగలబడి నవ్వారు. ఇంకో ఇద్దరు తామూ అంతేనన్నారు. ఎల్డెన్‌కి కాఫీ చేదుగా తోచింది. తొంభై మంది ఇంట్లో తిని వచ్చి, ఆర్డిస్ వండింది కదపకుండా వదిలేస్తే ఆమె ఏమైపోతుంది? తాళాల గుత్తి వైపు ఆమె ఎలా చూస్తుందో పంతొమ్మిదేళ్ళుగా అతనూ చూస్తూనే ఉన్నాడు. బయటికి వచ్చేటప్పుడు గోర్డీ చెవిలో నెమ్మదిగా అన్నాడు: "ఇంట్లో తినకురా. వెనక పాత రకం కూడా ఉంటుంది. నీకొక్కడికే చెప్తున్నా. కన్నుగీటి అడుగు, చాలు."

ఆ రోజు సాయంత్రానికి మరో నలుగురికి కూడా "నీకొక్కడికే" అంటూ చెప్పాడు. తర్వాత లవోన్‌కి ఫోన్ చేసి పాత రకం దిమ్మ ఒకటి కాల్చి తెమ్మన్నాడు. ఐదుగురికి ఒక దిమ్మ సరిపోతుందని అతని లెక్క. ఎల్మ్ ప్రెయిరీలో ఒకడికే చెప్పిన మాట ఎంతమందికి చేరుతుందో అరవై ఆరేళ్ళు అక్కడే బతికిన మనిషి మర్చిపోవడమే విచిత్రం.

విందునాడు ఆర్డిస్ పొద్దున్నే వంటగది తాళం తీసింది. పదహారు దిమ్మలు, ఆరు రేకుల కూరగాయలు. సాయంత్రం ఐదింటికి పాస్టరు ప్రార్థన ముగించగానే జనం పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆర్డిస్ కొత్త ఏప్రన్ కట్టుకుని మొదటి ముక్క కోసి ఎత్తింది.

ముందున్న గోర్డీ పళ్ళెం చాచకుండా కన్ను గీటాడు.

ఆర్డిస్ గరిటె గాల్లో ఆగింది. "కంట్లో ఏమైనా పడిందా గోర్డీ?"

"నాకు అదే పెట్టు."

"ఏది?"

"అదే, ఆర్డిస్. రెండోది." మళ్ళీ గీటాడు.

అతని వెనకనున్న అతని భార్య గీటింది. ఆమె వెనకాయన ఒక కన్ను గీటడం చేతగాక రెండూ మూసి తెరిచాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "నేను ఎల్డెన్ మనిషిని," అన్నాడు. తల ఎత్తి చూస్తే వరస చివరిదాకా మొహాలు వంకర్లు పోతూ ఉన్నాయి. ఊరంతటికీ ఒక్కసారే కళ్ళజబ్బు పట్టుకుందా అనుకుంది ఆర్డిస్.

అప్పుడే వెనక తలుపు తోసుకుంటూ లవోన్ వచ్చింది. ఊతబండి సీటు మీద రేకు కాగితం చుట్టిన దిమ్మ. బేకన్ వాసన గదంతా కమ్ముకుంది.

"ఇదేంటి?" ఆర్డిస్ అడిగింది.

"మీ ఆయన తెమ్మన్నాడుగా పిల్లా. నీకు తెలుసనుకున్నా."

ఆర్డిస్ చెవులు ఎర్రబడ్డాయి. గరిటె కింద పెట్టింది. హాల్లో ఒక మూల కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తున్న ఎల్డెన్ మీద ఆమె చూపు పడింది.

"ఎల్డెన్! ఇలా రా."

అతను వచ్చాడు. తొంభై మంది చెవులు కూడా అతనితో పాటే వచ్చాయి.

"నువ్వు నవ్వులపాలవుతావేమోనని..." అని మొదలుపెట్టాడు. "వీళ్ళు ఇంట్లో తినొస్తామన్నారు. నీ వంట అలాగే ఉండిపోతుందేమోనని..."

"అంటే నా వంట రుచి చూడకుండానే నన్ను కాపాడావన్నమాట."

ఎల్డెన్ టోపీ తీసి చేతిలో తిప్పాడు. హాల్లో ఎవరో దగ్గి ఆపుకున్నారు.

ఆర్డిస్ ఒక్క నిమిషం ఆలోచించింది. ఆ దిమ్మను వెనక దాచేస్తే వీళ్ళు మొహమాటానికి తన వంట తింటారు. ఆ మొహమాటం తనకెందుకు? రేకు కాగితం విప్పి, గొడ్డు మాంసం దిమ్మను తన దిమ్మల పక్కనే, అందరికీ కనబడేలా పెట్టింది.

"ఇది లవోన్ చేసింది. ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎనిమిది ముక్కలు వస్తాయి. ఇది నేను చేసింది. మీ షెడ్లలో పెరిగిందే. ఎవరికి కావలసింది వాళ్ళు అడిగి పెట్టించుకోండి. కళ్ళు మాత్రం సరిగ్గా పెట్టుకుని అడగండి."

ఎవరూ కదల్లేదు. గోర్డీ ఆ దిమ్మ వంకా ఈ దిమ్మ వంకా చూశాడు. అందరి ముందూ ఎనిమిదిలో ఒకటి అడగడానికి సిగ్గు, ఇది అడగడానికి భయం.

ఎల్డెన్ టోపీ చంకలో పెట్టుకుని, దొంతరలోంచి ఒక పళ్ళెం తీశాడు. భార్య ముందు చాచాడు.

"నీది పెట్టు."

ఆర్డిస్ ముక్క పెట్టింది. పక్కన క్యారెట్లు, గుమ్మడి, బీట్‌రూట్ వేసింది. ఎల్డెన్ కూర్చోలేదు. అక్కడే నిలబడి ఫోర్కుతో ఒక మూల విరిచి నోట్లో పెట్టుకున్నాడు. హాలంతా అతని దవడ వైపే చూస్తోంది. నమిలాడు. మింగాడు. మరో ముక్క విరిచాడు. అదీ నమిలాడు.

"చెప్పి చావరా!" అన్నాడు గోర్డీ.

"ఉప్పు కొంచెం తగ్గింది," అన్నాడు ఎల్డెన్.

ఆర్డిస్ ఉప్పు డబ్బా అతని చేతిలో పెట్టింది. అతను చల్లుకుని మళ్ళీ తిన్నాడు. పళ్ళెంలో సగం అయిపోయింది. ఇంకా నిలబడే ఉన్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు ఏం తిన్నట్టురా నేను," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

నవ్వు గోర్డీ దగ్గర మొదలై వరస చివరిదాకా పాకింది. "సరే పెట్టమ్మా," అని గోర్డీ పళ్ళెం చాచాడు. "వాడు పడిపోలేదు కాబట్టి నేనూ తింటా. ఆ కాలిన క్యారెట్లు ఇంకో నాలుగు వెయ్యి."

వరస కదిలింది. కొందరు గొడ్డు మాంసమే అడిగారు. ఆర్డిస్ వాళ్ళకీ అంతే మర్యాదగా పెట్టింది. ఎక్కువమంది ఇదీ అదీ తేల్చుకోలేక ఆమె చేతిలో ఏది ఉంటే అదే పెట్టించుకున్నారు. ఆమె చేతిలో ఎప్పుడూ తన దిమ్మే ఉందని వాళ్ళు గమనించలేదు.

బల్లల దగ్గర మాటలు తగ్గాయి. ఆ ఊళ్ళో అది మంచి సూచనే, కాని ఆర్డిస్‌కి నమ్మకం చాలలేదు. వాళ్ళు మొహమాటపు మనుషులు. ఎదురుగా కూర్చుని బాగుందనే అంటారు. "పర్లేదు," అన్నారు ఒక బల్ల దగ్గర. "ఇంతకంటే ఘోరమైనవి తిన్నాం," అన్నాడు పాస్టరు, ఆశీర్వదిస్తున్నట్టు. అధ్యక్షుడి ప్రసంగం మొదలైంది. ఎవరికీ నిద్ర రాలేదు. దాంతో పాపం ఆయన ఏడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది.

జనం లేస్తుండగా ఆర్డిస్ గిన్నెలు తీయడానికి వడ్డన బల్ల దగ్గరికి వచ్చింది. లవోన్ అప్పటికే అక్కడ ఊతబండి మీద వాలి నిలబడి ఉంది. ఆమె ముందు రెండు రేకులున్నాయి.

లవోన్ రేకులో రెండు ముక్కలు నిండుగా మిగిలిపోయాయి. బేకన్ చల్లారి తెల్లబడింది.

రెండో రేకులో చివరి ముక్క ఉంది. ముక్క అనడానికి లేదు. ఆ ఊళ్ళో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు, అది మర్యాద కాదు. ఆశ పట్టలేనివాడు సగం కోసుకుని సగం వదిలేస్తాడు. తర్వాత వచ్చినవాడు ఆ సగంలో సగం. అలా కోసి, మళ్ళీ కోసి, మళ్ళీ కోసి, రేకు మధ్యలో మిగిలిన తునక బొటనవేలి గోరంత ఉంది. దాని చుట్టూ కత్తి గాట్లు ఎన్నో ఉన్నాయి.

లవోన్ ఆ గాట్లను ఒకటొకటిగా వేలితో లెక్కపెట్టింది. "ఏడుగురు," అంది. "నా దిమ్మకు ఎప్పుడూ నలుగురు దాటలేదు."

ఆర్డిస్ ఏప్రన్ కొసతో చేతులు తుడుచుకుంది. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

లవోన్ ఊతబండి తిప్పుకుని తలుపు వైపు రెండడుగులు వేసింది. తాళాల గుత్తి ఆర్డిస్ నడుముకే ఉంది. లవోన్ దాని కేసి చెయ్యి చాచలేదు, చూడనూ లేదు.

"క్యారెట్లు చాల్లేదే పిల్లా," అంది వెనక్కి తిరక్కుండానే. "వచ్చే ఏడు ఇంకో ముప్పై పౌండ్లు ఎక్కువ తెప్పించుకో. కొట్టు వాళ్ళకి ముందే చెప్పుకోవాలి, మర్చిపోకు. ఆ గోర్డీ గాడొక్కడే ఒక రేకు మింగాడు."